మూడు వందల ఒకటో బస్తా

మండపేట,
ఆగస్టు 3, ఆదివారం.

నాన్నకి,

అమ్మడు నమస్కారం చేసి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నాయనమ్మ, నేను ముగ్గురం క్షేమంగానే ఉన్నాం. నువ్వూ క్షేమమేనని రాయించావు. కానీ నీ మాటల కింద ఫిన్నీ గారు తన మాటగా రెండు లైన్లు చేర్చారు. జైల్లో అన్నం లైనులో ఎవడో నిన్ను తోశాడనీ, నువ్వు వాడి గొంతు పట్టుకుని గోడకి నొక్కావనీ, విడిపించే గొడవలో నీ ముందు పన్ను ఊడి పళ్ళెంలో పడిందనీ. ఫిన్నీ గారూ, దాచకుండా రాసినందుకు మీకు నమస్కారమండి. మా నాన్నకి ఉత్తరాలు చదివిపెడుతున్నదీ, పలక మీద అక్షరాలు దిద్దిస్తున్నదీ మీరేనని తెలిసి మా నాయనమ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు మీ పేరు కూడా తలుచుకుంటోంది.

నాన్నా, ఈ కవరులో రెండు కాగితాల కట్టలు ఉన్నాయి. మొదటిది ఫిన్నీ గారి చేత చదివించుకో. రెండోది విడిగా మడిచి పెట్టాను. అది మాత్రం నువ్వే చదువుకో. పెద్ద అక్షరాలతో, చిన్న మాటలతో రాస్తాను. ఒక రోజులో కాకపోతే నాలుగు రోజులు పట్టనీ. నీకంటే ముందు జైలు ఆఫీసులో చదువుతారని తెలుసు. చదవనీ.

పోయిన ఉత్తరం చివర నీ చేత్తో రాసిన లైను ఇంట్లో అందరం చూశాం. "డబబా జాగరత. నానన." ఒత్తులు ఇంకా రాలేదు, వస్తాయిలే. రత్తమ్మ నాయనమ్మ ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి తిప్పి తిప్పి చూసి, "యాభై ఏళ్ళు వచ్చాక నా కొడుకు బళ్ళో చేరాడే" అని నవ్వింది. ఆ వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయింది.

డబ్బా జాగ్రత్తగానే ఉంది. పోలీసులు బస్తాలు లాగే నీ కొక్కెం పట్టుకెళ్ళారు కానీ, డబ్బా వాళ్ళకి అక్కర్లేకపోయింది. సీజన్ అయ్యేదాకా మిల్లులోనే వాడుకుని, తర్వాత మిల్లు ఓనరు చంద్రరావు గారు గోనెసంచిలో చుట్టించి, బల్లతో సహా ఇంటికి పంపించేశారు. పద్దెనిమిదో తారీఖు వాయిదాకి దాన్ని కోర్టుకి తెమ్మన్నావు. లాయరు విజయ్ పాల్ గారు కూడా అదే అన్నారు. "డబ్బా చూపిస్తాం, వీడియో చూపిస్తాం. తొమ్మిది లారీలు, తొమ్మిది బస్తాలు. నమ్మినవాడు దొంగతనం చేస్తే కడుపు మండి కొట్టాడంటాం. శిక్ష సగానికి సగం తగ్గుద్దమ్మా" అని. నీ ఆశంతా ఆ డబ్బా మీదే ఉందని నాకు తెలుసు నాన్నా.

మొదటి నుంచీ జరిగింది జరిగినట్టు రాసి పంపమన్నావు. నీకు తెలిసినవి కూడా రాస్తాను, ఫిన్నీ గారికి తెలియవు కదా.

ఫిన్నీ గారూ, రైసు మిల్లులో బస్తాల లెక్క నోటి లెక్కండి. గోడౌను గుమ్మం నుంచి లారీకి బల్ల వేస్తారు. దాని మీద జట్టువాళ్ళు బస్తాలు మోస్తుంటే మేస్త్రీ గట్టిగా లెక్క పిలుస్తాడు, గుమస్తా ఇరవైకి ఒక గీత గీస్తాడు. మొదటి బస్తాని ఒకటి అనరు, లాభం అంటారు. మా జట్టు మేస్త్రీ మా నాన్నే, ఆ బస్తాని తనే మోస్తాడు. బస్తాతో బల్ల ఎక్కి, ఒక్క అడుగు వెనక్కి దిగి, తల వంచి దణ్ణం పెట్టుకుని, "లాభం" అని పిలిచి మళ్ళీ ఎక్కుతాడు. మా తాత నుంచి వచ్చిన పద్ధతి అది.

గీతల దగ్గర ప్రతి సీజన్‌లోనూ గొడవే. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక గీత కోసం అప్పటి గుమస్తా నాన్న చెంప మీద కొట్టాడు. నాన్న అక్కడ చెయ్యెత్తలేదు. ఇంటికొచ్చి అన్నం పళ్ళెం గోడకి విసిరాడు. ఆ పళ్ళెం సొట్ట ఇప్పటికీ పోలేదు. అందుకే డిప్లొమా ఆఖరి సంవత్సరంలో ప్రాజెక్టు ఏం చేస్తావని మాణిక్యాంబ మేడం అడిగితే, "బస్తాలు లెక్కపెట్టే డబ్బా అండి" అన్నాను. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

మూడు ఎర్ర అంకెల డబ్బా. ఒక్కో అంకెలో వెలిగే గీతలు ఏడు. సున్నా నుంచి తొమ్మిది దాకా లెక్కపెట్టి పక్క అంకెకి ఒకటి అందించే చిప్పు ఒకటి, ఆ లెక్కకి ఏ గీతలు వెలగాలో చెప్పే చిప్పు ఇంకొకటి. అలాంటివి మూడు జతలు. నోటు పుస్తకంలో బొమ్మ గీయడానికి వారం, వైర్లు గుచ్చి చూసుకోవడానికి నెల పట్టింది. రాగి రేకు మీద దారులు గీసి, మిగతా రాగిని మందునీళ్ళలో కరిగించడానికి అమ్మ ఆవకాయ కలిపే బేసిను పాడుచేశాను. ఆ తిట్లు నీకు గుర్తుండే ఉంటాయి.

అన్నీ అతికించాక ఒక్కసారి నొక్కితే అంకె మూడు పెరిగేది. రెండు రోజులు ఏడ్చాను. స్విచ్ లోపలి రేకు ఒక్కసారి తగిలి ఊరుకోదు, సన్నగా ఎగిరెగిరి తగులుతుంది, ప్రతి తాకుడినీ డబ్బా లెక్కేసుకుంటుంది అని మేడం చెప్పారు. ఆ మాట ఇంటికొచ్చి నీకు చెబితే, నువ్వు బీడీ ఆర్పి, "బస్తా లారీలో పడేస్తే ఎగిరి కూర్చోదేంటి? అది కూర్చున్నాక లెక్కపెట్టమను నీ డబ్బాని" అన్నావు. సరిగ్గా అదే చేశాను. ఒకసారి నొక్కు పడ్డాక ఒక్క సెకను పాటు ఇంకేదీ పట్టించుకోకుండా ఒక చిన్న చిప్పు పెట్టాను. మా మేడంకి చెబితే, "మీ నాన్నగారు ఏం చదివారు?" అని అడిగారు. ఏమీ చదవలేదని చెప్పడానికి నాకు గర్వంగా అనిపించింది.

బల్ల కింద స్ప్రింగులు మన జట్టులోని గంగాధర్ బాబాయివి. తన పాత స్కూటరు సీటు కోసి తీసి ఇచ్చాడు. బస్తాతో ఉన్న మనిషి బరువుకే బల్ల దిగి కింది స్విచ్ నొక్కాలి, ఖాళీగా తిరిగొచ్చే మనిషికి దిగకూడదు. ఆ బిగువు కుదిరేదాకా బాబాయి మోసి దించుతూనే ఉన్నాడు. "నీ చదువు నా నడుం మీద నడుస్తోందే" అన్నాడు.

ఇక అమ్మ తల సంగతి. నీళ్ళ దగ్గర జారిపడిందని అప్పుడు నీకు చెప్పాం. అది అబద్ధం నాన్నా. నువ్వు లోపలికి వెళ్ళిన మూడో రోజు పొద్దున్న, గంగాధర్ బాబాయి భార్య సత్యవాణి పిన్ని అన్నదమ్ములిద్దరూ తణుకు నుంచి వచ్చారు. చేతుల్లో చెరుకు కొట్టే కత్తులు ఉన్నాయి. "ఏదే ఆ ఇంజనీరు? మా బావని దొంగన్న మెషీను ఏదే?" అంటూ తలుపు తన్నారు. గడియ ఊడొచ్చింది. నేను అటక ఎక్కాను. అవును, దాక్కున్నాను. పైనుంచి అంతా కనిపించింది. పెద్దవాడు గంపలో పొదుగుతున్న కోడిపెట్టని లాగి మెడ మెలితిప్పి గుమ్మంలో విసిరాడు. అమ్మ అటక నిచ్చెనకి అడ్డం నిలబడి, "నన్ను దాటి ఎల్లండ్రా" అంది. చిన్నవాడు మన రుబ్బురోలు పొత్రమే ఎత్తి అమ్మ నెత్తిన కొట్టాడు. కొబ్బరికాయ నేలకేసి కొట్టినట్టు శబ్దం వచ్చింది. అమ్మ పడిపోలేదు. నిచ్చెన రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. రక్తం కళ్ళలోంచి కారుతున్నట్టు ఉంది. నాయనమ్మ వంటింట్లోంచి కారం డబ్బాతో వచ్చి ఇద్దరి మొహాన కొట్టి, చీపురు తిరగేసి వీపులు వాయించింది. కత్తులు పట్టుకున్న మగాళ్ళు డెబ్భై ఏళ్ళ ముసలమ్మ ముందు కళ్ళు నలుపుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. అమ్మకి పద్నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పుడు మానిపోయింది, అక్కడ వెంట్రుకలు మాత్రం మొలవలేదు. కేసు పెట్టొద్దని అమ్మే అంది. "ఆళ్ళ బాధ ఆళ్ళది" అంది.

ఇప్పుడు ఆ రోజు సంగతి. నీకు సగమే గుర్తుందన్నావు. నాకు మొత్తం గుర్తుంది.

డబ్బా పెట్టిన దగ్గర్నుంచి అంతకు ముందు ఎనిమిది లారీలు వెళ్ళాయి. ప్రతి లారీకీ నీ నోరు మూడు వందలంది, డబ్బా మూడు వందల ఒకటంది. దించుకున్న చోటా మూడు వందలే అన్నారు. గుమస్తా ఉదయభాస్కర్ గారు జట్టు మొత్తం వినేలా, "ఏమయ్యా సత్తియ్యా, నీ కూతురి మెషీనే మీ జట్టుని దొంగలంటోంది. బల్ల దాటింది మూడొందల ఒకటైతే లారీలో మూడొందలేంటి? ఆ ఒక్కటీ కాలవలో ఈదుకుంటా ఎల్లిపోయిందా?" అన్నారు. లారీ మీద పేర్చేవాడు గంగాధర్ బాబాయి ఒక్కడే. లారీకి అవతల కాలవ గట్టు. "నా నోరు తప్పవుద్దేమో గానీ నా కూతురి డబ్బా తప్పవ్వదండి" అన్నావు నువ్వు. అప్పటి నుంచీ బాబాయితో మాట మానేశావు.

నేను డబ్బాని కాలేజీ పరీక్షకి తీసుకెళ్ళి మర్నాడు మధ్యాహ్నం తిరిగి తెచ్చాను. చేతిలో తాపేశ్వరం కాజాల పొట్లం. అందరికీ పంచాను. లారీ మీద నుంచి బాబాయి చెయ్యి చాపి, "ఏమే ఇంజనీరూ, మార్కులెన్నే?" అన్నాడు.

"వందకి తొంభై ఎనిమిది బాబాయ్."

"ఆ రెండూ ఎవడు కొట్టేశాడే? అయ్యి కూడా నేనేనా?"

జట్టంతా నవ్వారు. నువ్వు నవ్వలేదు. లోడు మొదలైంది. రెండు గంటల తర్వాత ఆఖరి బస్తా వెళ్ళేసరికి డబ్బా మీద మళ్ళీ 301. ఉదయభాస్కర్ గారు కలం లెక్కల పుస్తకం మీద కొట్టి, "తొమ్మిది" అన్నారు, అంతే. బాబాయి లారీ దిగి వస్తున్నాడు. ఇంకో కాజా నోట్లో వేసుకున్నాడు, పాకం మీసానికి అంటుకుంది. "అన్నయ్యా, ఆ డబ్బాని మళ్ళీ ఒకటో తరగతిలో వేయించు. లాభం కాడి నుంచి నేర్పించు" అన్నాడు.

నీ భుజం మీది కొక్కెం నీ చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు. మొదటి దెబ్బ బాబాయి కుడి భుజం కీలులో దిగింది. దిగాక నువ్వు బస్తాని లాగినట్టే లాగావు. చొక్కా, తోలు, లోపలి తెల్లటి నరం కలిసి బయటికి వచ్చాయి. బాబాయి అరవలేదు. "అన్నయ్యా?" అన్నాడు, ఏదో అడుగుతున్నట్టు. రెండో దెబ్బ మొహం మీద. మొన ఎడమ కంట్లోకి వెళ్ళింది. అప్పుడు అరిచాడు. మిల్లు ఆడుతున్నా ఆ అరుపు రోడ్డు మీదకి వినిపించిందన్నారు. "నా బిడ్డ చదువుని అంటావురా, దొంగనాకొడకా" అని నువ్వు కేకలు వేస్తున్నావు. మూడోసారి ఎత్తితే నలుగురు నీ మీద పడ్డారు. నువ్వు ఒకడి చెవి కొరికి ఉమ్మేశావు. నిన్ను నేలకేసి తొక్కి పట్టుకున్నారు, నీ నోటి నిండా ఊక.

లారీలోనే ఆసుపత్రికి చేర్చాలని బాబాయిని ఇద్దరు మోసుకుని బల్ల మీదకి ఎక్కారు. డబ్బా 302 అంది. వెనకాల ఇంకో ఇద్దరు, ముగ్గురు. 303, 304. జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, డబ్బా లెక్కపెడుతూనే ఉంది. బల్ల సందుల్లోంచి రక్తం స్ప్రింగుల మీద కారింది. 317 దగ్గర ఉదయభాస్కర్ గారు వైరు పీకేశారు. నేను కాజాల పొట్లం పట్టుకుని నిలబడే ఉన్నాను. ఒక్క అడుగు వెయ్యలేదు.

ఇది మొదటి కట్ట. ఫిన్నీ గారూ, ఇక్కడితో ఆపండి. మీకు దణ్ణం పెడతాను.

*

నాన్నా, ఇది నీకు.

నెమ్మదిగా చదువు.

గంగాధర్ బాబాయి దొంగ కాదు.

ఒక్క బస్తా పోలేదు. తొమ్మిది లారీల్లోనూ మూడు వందలే. నీ నోరు చెప్పిందే నిజం. నా డబ్బా తప్పు చెప్పింది.

ఎలా తెలిసిందో చెబుతాను. నేను ఇప్పుడు రావులపాలెంలో టీవీలు బాగుచేసే షాపులో పని చేస్తున్నాను కదా. లాయరు గారికి వీడియో ఇవ్వాలి. డబ్బా పెట్టిన మొదటి రోజు నా ఫోనులో తీసిన వీడియో. మొన్న బుధవారం పొద్దున్న దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసి, సరిగా ఎక్కిందో లేదో అని షాపులో పెద్ద టీవీలో పెట్టాను.

ఆ వీడియో నేను వంద సార్లు చూశాను. ఎప్పుడూ నీ మొహమే చూశాను. కొత్త తుండు కట్టుకుని, నవ్వు ఆపుకుంటూ ఉంటావు. పెద్ద టీవీలో మొదటిసారి డబ్బాని చూశాను.

నువ్వు మొదటి బస్తాతో బల్ల ఎక్కావు. డబ్బా ఒకటి అంది.

నువ్వు ఒక అడుగు వెనక్కి దిగావు. తల వంచావు. "లాభం" అన్నావు. మళ్ళీ ఎక్కావు.

డబ్బా రెండు అంది.

బస్తా ఒకటే నాన్నా. నువ్వు రెండు సార్లు ఎక్కావు. నా చిప్పు ఒక్క సెకనే ఆగుతుంది. నీ దణ్ణం అంతకంటే పెద్దది.

పుట్టిన దగ్గర నుంచీ ఆ దణ్ణం చూస్తున్నాను. డబ్బా చేసేటప్పుడు గుర్తు రాలేదు. బల్ల మీద వంద సార్లు నడిపించి చూశాను, అన్నీ మామూలు బస్తాలే. మొదటి బస్తాతో చూడలేదు.

నువ్వు వెళ్ళాక పల్లంరాజు మేస్త్రీ అయ్యాడు. అతను వెనక్కి దిగడు. లాభం అంటూనే ఎక్కిపోతాడు. డబ్బా మూడు వందలే చూపించింది. "దొంగ పోయాడు, లెక్క కుదిరింది" అని మిల్లంతా అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు మిల్లు నుంచి పోయింది ఇద్దరని ఆలోచించలేదు. ఒకడు ఆసుపత్రికి. ఒకడు జైలుకి.

ఇంకా ఒకటి ఉంది. అసలైనది ఇదే.

డబ్బాని పరీక్షకి తీసుకెళ్తుంటే నువ్వు మిల్లు గేటు దాకా వచ్చావు. "అమ్మడూ, నాకు గంగాడి మీద మనసు ఒప్పట్లేదే. ఒకసారి ఇప్పి చూడు. డబ్బాలో ఏవన్నా ఉందేమో" అన్నావు. నాకు కోపం వచ్చింది. నా చదువుని అనుమానించావని. మెషీన్ తప్పు చెప్పదు నాన్నా, మనుషులే చెబుతారు అన్నాను.

మర్నాడు తిరిగి తెచ్చాను. "చూశావా?" అన్నావు.

"చూశాను. బాగానే ఉంది" అన్నాను.

చూడలేదు నాన్నా.

పరీక్ష ముందు దాన్ని విప్పడానికి భయం వేసింది. ఏదన్నా ఊడితే మార్కులు పోతాయని. మార్కులు వచ్చాక బద్ధకం వేసింది. విప్పలేదు, ఆలోచించలేదు. చూశానని చెప్పాను. నువ్వు నమ్మావు. రెండు గంటల తర్వాత బాబాయి కన్ను పోయింది.

ఆ బుధవారం ఇంటికొచ్చి సుత్తి తీసుకున్నాను. మొదటి దెబ్బకి డబ్బా మూత పగిలింది. రెండోది ఎత్తితే నాయనమ్మ నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. "దాన్ని చంపితే ఏం వస్తదే? అది నోరులేనిది. నువ్వు పెట్టిందే చెప్పింది" అంది. చెంప మీద ఒకటి ఇచ్చింది. తర్వాత అన్నం పెట్టింది.

లాయరు గారికి చెప్పాను. ఆయన తలుపు వేసి, "ఈ మాట నా చెవిన వేశావు, చాలు. ఇంకెవరి చెవినా పడకూడదు. పడితే మీ నాన్నకి ఏళ్ళు పెరుగుతాయి" అన్నారు.

తర్వాత బాబాయి ఇంటికి వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను. ఈసారి దాక్కోలేదు.

సత్యవాణి పిన్ని గంజి వారుస్తోంది. నేను చెప్పింది నిలబడి విన్నది. గంజి గిన్నె నా కాళ్ళ మీదకి విసిరింది. పాదం బొబ్బలెక్కింది. జుట్టు పట్టి తల గుంజకేసి కొట్టింది. "ఏడాది పైనైంది. కిరాణా కొట్టులో మేం ఎల్తే సంచులు తడిమి చూస్తున్నారే. దొంగ పెళ్ళాం అంటున్నారే" అంది. కొడుతూనే ఉంది. నేను ఆపలేదు.

బాబాయే ఆపాడు. మంచం మీద నుంచి, "వదిలెయ్యే" అన్నాడు. కుడి చెయ్యి వేలాడుతూ ఉంది. ఎడమ కన్ను గుంట. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. మళ్ళీ చెప్పమన్నాడు. సగం చెప్పగానే అందుకున్నాడు.

"అవునే. మీ నాన్న లాభం అంటా ఎనక్కి దిగుతాడు కదే. నేను లారీ మీంచి రోజూ చూసేవోణ్ణి."

తర్వాత, "ఒకటో తరగతిలో వెయ్యమన్నానా లేదా" అన్నాడు. నవ్వబోయాడు. అటువైపు మొహం కదలదు నాన్నా.

వచ్చేటప్పుడు ఒకటే అడిగాడు. "చెయ్యి తెమ్మనట్లేదు. కన్ను తెమ్మనట్లేదు. కోర్టులో నన్ను దొంగ అనొద్దని చెప్పు అన్నయ్యకి."

నాన్నా, అదే నేనూ అడుగుతున్నాను.

నీకు ఏళ్ళు పెరగొచ్చు. పెరగవని నేను అబద్ధం చెప్పను. ఇంక నీకు ఏ అబద్ధమూ చెప్పను. అమ్మకి అన్నీ చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "ఆయన్నే చెప్పమను" అంది. నువ్వు వద్దన్నా జడ్జి గారి ముందు నేను చెబుతాను. నా డబ్బా తప్పని, చూడకుండా చూశానన్నానని. కానీ గంగాధర్ దొంగ కాదు అనే మాట నీ నోటితో రావాలి. కొట్టింది నువ్వు.

పద్దెనిమిదో తారీఖున డబ్బా తెస్తాను. మూతకి టేపు వేశాను. లోపల బాగానే ఉంది, ఈసారి విప్పి చూశాను. దాన్ని సరిచెయ్యలేదు. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంచాను. బల్ల కూడా తెస్తాను. స్ప్రింగుల మీద మరక పోలేదు, కడగలేదు. ఒక బస్తా తెస్తాను.

జడ్జి గారు ఒప్పుకుంటే నువ్వు ఆ బస్తా ఎత్తుకో. బల్ల ఎక్కు. తాత నేర్పినట్టే ఒక్క అడుగు వెనక్కి దిగు. తల వంచి, అందరికీ వినబడేలా లాభం అను. మళ్ళీ ఎక్కు.

తర్వాత డబ్బా వైపు చూడు. అంకెలు నీకు ఎప్పుడో వచ్చు.

ఇట్లు,
చూడకుండానే చూశానని చెప్పిన
నీ కూతురు,
అమ్మడు.